2024–25 వార్షిక నివేదిక: తేదీల పుస్తకం చెప్పిన సంగతులు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన వన్యప్రాణి సంరక్షణ సంఘం చేసిన పనిని నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు ఏర్పడిందో, ఏ జీవుల కోసం పనిచేస్తున్నదో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు కనుక నేరుగా విషయానికి వస్తాను. ఈ ఏడాది మన కాలంలో ఎక్కువ భాగం అడవిలోనో బీడులోనో గడవలేదు, కార్యాలయాల వరండాలలో గడిచింది. ఒక జీవి అంతరించిపోతున్నదని శాస్త్రజ్ఞులు తేల్చిన రోజుకూ, ప్రభుత్వం దానికి చట్టపరమైన రక్షణ కల్పించిన రోజుకూ మధ్య ఎన్నేళ్లు గడుస్తున్నాయో, ఆ మధ్యకాలంలో ఏమి పోతున్నదో లెక్కకట్టి చూపాలని గత సర్వసభ్య సమావేశంలో మీరే తీర్మానించారు. ఆ తీర్మానం ప్రకారం తయారైనదే మనం 'తేదీల పుస్తకం' అని పిలుచుకుంటున్న రిజిస్టరు. అది ఈ రోజు వేదిక పక్కన బల్లమీద ఉన్నది. భోజన విరామంలో తప్పక తిరగేయవలసిందిగా మనవి.

ముందుగా కృతజ్ఞతలు. ఆ పుస్తకాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టిన విశ్రాంత ఉపాధ్యాయులకు, రాజపత్ర ప్రకటనల నకళ్లు వెతికి తెచ్చిన గ్రంథాలయ సిబ్బందికి, చట్టంలోని సెక్షన్లను ప్రతి నెలా రెండో ఆదివారం ఓపికగా విడమరిచి చెప్పిన న్యాయవాద సభ్యులకు, సమావేశాలకు తమ ఇంటి మేడమీది గదిని ఏడాది పొడవునా ఇచ్చిన కోశాధికారి కుటుంబానికి సంఘం రుణపడి ఉన్నది. గొర్రెల కాపరుల పెద్దలకు వేరుగా చెప్పుకోవాలి కనుక వారి ప్రస్తావన తరువాత వస్తుంది.

తేదీల పుస్తకంలో మొదటి పుట నక్షత్ర తాబేలుది. దానిని మొదట పెట్టడానికి కారణం 2024 జూలైలో జరిగిన ఒక సంఘటన. బస్సులో సీటు కింద వదిలేసిన సంచి ఒకటి కదులుతున్నదని కండక్టరు మన సభ్యునికి ఫోను చేశారు. అటవీ సిబ్బందితో కలిసి వెళ్లి చూస్తే అందులో పదకొండు తాబేళ్లు ఉన్నాయి. కాళ్లూ తలా బయటికి రాకుండా ఒక్కొక్కదాన్ని డిప్పతో సహా గోధుమరంగు టేపుతో చుట్టి, మేజోళ్లలో దూర్చి, మేజోడు మూతి ముడివేశారు. అన్నిటికంటే చిన్నది అగ్గిపెట్టె అంత ఉన్నది. టేపు లాగితే డిప్ప అంచు పెళుసుగా లేస్తున్నదని గమనించి, మన మహిళా సభ్యులు ఇద్దరు కొబ్బరినూనె రాసి, నానబెట్టి, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఒక్కొక్క పట్టీనే ఊడదీశారు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్క నుంచి వెలుగు చిమ్మినట్టు విచ్చుకునే ఆ అందమే దానికి శత్రువయింది. పెంచుకునే సరదా కోసం విదేశాలకు దొంగతనంగా తరలిపోతున్న తాబేళ్లలో దీని పేరు ముందు వరుసలో ఉంటుంది. పదకొండింటిలో తొమ్మిది బతికాయి.

ఇప్పుడు తేదీలు చూడండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు చాలాకాలం నాలుగో షెడ్యూలులో, అంటే తేలికపాటి రక్షణ ఉన్న జీవుల మధ్య, ఉండిపోయింది. దానిని పట్టుకుపోయినవారికి మూడేళ్ల వరకు జైలు గానీ, 25,000 రూపాయల వరకు జరిమానా గానీ పడవచ్చునన్నది అప్పటి నిబంధన. కనీస శిక్ష అంటూ లేదు. 2019లో, ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందపు సభ్యదేశాల సమావేశం ఈ తాబేలును అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైన మొదటి అనుబంధానికి మార్చింది. మన చట్టంలో దానికి మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ, దక్కింది 2022 సవరణతో. ఆ సవరణ అమలులోకి వచ్చింది 2023 ఏప్రిల్ 1న. ఈ రోజు అదే నేరానికి మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. మన చేతికి దొరికిన సంచి రెండేళ్ల ముందు దొరికి ఉంటే కేసు ఏ తీరుగా తేలిపోయేదో ఊహించడం కష్టం కాదు. జీవి మారలేదు, టేపు మారలేదు. ప్రపంచమంతా ఒప్పుకున్న విషయాన్ని మన షెడ్యూలులోకి ఎక్కించడానికే మూడున్నరేళ్లు పట్టింది.

రెండో పుటలో ఉన్నది ఒకే ఒక్క లెక్క. సైటిస్ ఒప్పందంలో భారతదేశం చేరినది 1976లో. ఆ ఒప్పందాన్ని అమలుపరిచే అధ్యాయం మన వన్యప్రాణి చట్టంలోకి వచ్చినది 2022లో. మధ్యలో 46 ఏళ్లు. ఈ లెక్కను కళాశాల విద్యార్థుల ముందు నల్లబల్ల మీద రాసినప్పుడు వారిలో ఒకరు లేచి, తీసివేతలో పొరపాటు జరిగిందేమోనని అడిగారు. పొరపాటు లేదని చెప్పవలసి వచ్చింది.

మూడో పుట గుత్తి సాలీడుది. మన రాయలసీమ ఊరి పేరు మోస్తున్న ఈ నీలిరంగు సాలీడు గురించి మన సభ్యులలోనే చాలామంది వినలేదని తెలిసి నాకు బాధ కలిగింది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా ప్రపంచానికి పరిచయం చేశాడు. కలపతోపాటు రైలెక్కి వచ్చిందే తప్ప దాని సొంత ఇల్లు గుత్తి కాదు. తరువాత నూరేళ్ల పాటు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో, పాత చెట్ల తొర్రలలో మళ్లీ దొరికింది. అది బతికే చోటు 100 చదరపు కిలోమీటర్లకు మించదని, అదీ కట్టెల కోసం కొట్టివేతతో చితికిపోతున్నదని తేల్చి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దానిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవుల ఎర్రజాబితాలో చేర్చింది. ఆ నాటికే ఐరోపా, అమెరికాలలో అది గాజుపెట్టెల్లో పెంచుకునే ఖరీదైన సాలీడు. మన చట్టం మాత్రం దానిని జీవిగానే గుర్తించలేదు. అంతర్జాతీయ వ్యాపారంపై అదుపు 2019లో, సైటిస్ రెండో అనుబంధం ద్వారా వచ్చింది. అంటే ప్రమాదం తెలిశాక పదకొండేళ్లు. ఇది ఒక్క సాలీడు దురదృష్టం కాదని ఆ ఏడాదే 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది: వ్యాపారం వల్ల ప్రమాదంలో పడినట్టు ఎర్రజాబితా చెప్పిన జీవులకు సైటిస్ రక్షణ దక్కడానికి సగటున పదేళ్లకు పైగా పట్టింది.

ఇంత ఆలస్యం ఎందుకవుతున్నదన్న ప్రశ్నకు న్యాయవాద సభ్యులు ఇచ్చిన జవాబు ఈ ఏడాది మన అధ్యయనమంతటికీ ఆధారమయింది. వన్యప్రాణి చట్టం 61వ సెక్షను ప్రకారం షెడ్యూళ్లలో మార్పు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. అవసరమని తోస్తే చేయవచ్చు. ఫలానా జీవిని చేర్చమని పౌరుడు గానీ సంఘం గానీ అర్జీ పెడితే ఇన్ని రోజులలో జవాబు చెప్పి తీరాలన్న నియమం అందులో లేదు. అమెరికాలో 1973 నాటి చట్టం కింద అర్జీ అందిన 90 రోజులలో, వీలైనంతవరకు, తొలి అభిప్రాయం చెప్పాలి. అర్జీలో పస ఉన్నదని తేలితే అర్జీ అందిన నాటి నుంచి పన్నెండు నెలలలోపు నిర్ణయం తేల్చాలి. అక్కడి ప్రభుత్వం కూడా ఆ గడువులను తరచూ దాటుతున్నది. అయితే గడువు కాగితం మీద ఉన్నందువల్ల అక్కడి సంఘాలు న్యాయస్థానానికి వెళ్లి, ఫలానా తేదీ లోపల తేల్చండని ఉత్తర్వు తెచ్చుకోగలుగుతున్నాయి. మనకు ఆ పట్టు లేదు. మన అర్జీ ఏ బల్లమీద ఉన్నదో తెలుసుకోవడానికే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి.

ప్రభుత్వం తలచుకుంటే వేగంగా చేయగలదు కూడా. గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపల వేట వెలుగులోకి వచ్చిన కొద్దికాలానికే, 2001 మే నెలలో, కేంద్రం ఆ సొరచేపను మొదటి షెడ్యూలులో చేర్చింది. మన దేశంలో ఆ రక్షణ పొందిన మొట్టమొదటి చేప అదే. తరువాత రెండు నెలలకే, జూలైలో, సొరచేపలనూ టేకుచేపలనూ మొత్తంగా నిషేధించి, మత్స్యకారుల నిరసన వచ్చాక డిసెంబరులో ఆ జాబితాను పది రకాలకు కుదించింది. మొదటి ఉత్తర్వు నిలిచింది, రెండోది నిలవలేదు. సముద్రం మీద బతికేవారితో ముందుగా మాట్లాడి ఉంటే ఆ రెండో ఉత్తర్వు కూడా ఏదో ఒక రూపంలో నిలిచేదని నా నమ్మకం.

షెడ్యూలులో పేరు ఎక్కినంత మాత్రాన పని పూర్తి కాదని మన ప్రాంతపు రెండు పక్షులు చెబుతున్నాయి. కలివికోడిని 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900 తరువాత అది కనబడక, అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణలో భాగంగా, స్థానిక వేటగాడొకరు రాత్రిపూట దీపపు వెలుగులో దానిని సజీవంగా పట్టుకున్నాడు. ఆ పక్షి కొద్దిరోజులకే చనిపోయింది గానీ జాతి మిగిలి ఉన్నదని తేలింది. రెండేళ్లలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇది నిజంగా మెచ్చుకోదగిన వేగం, ఆ మాట చెప్పకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. అయితే కలివికోడికి కావలసినది దట్టమైన అడవి కాదు. మనిషి నడుము ఎత్తు ముళ్లపొదలు, వాటి మధ్య పశువులు తిరిగి చదునైన ఖాళీ నేల, ఇవి కావాలి. అటువంటి నేల అభయారణ్యం గీతకు వెలుపల కూడా ఉన్నది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదలలోకే వచ్చింది. పరిశోధకులు అడ్డుపడి, వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లిన తరువాత గానీ కాలువ దారి మళ్లలేదు. యంత్రం దిగిన తరువాత గీత గీయడం కన్నా ముందే గీయడం ఎంత తేలికో ఆ ఉదంతం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

బట్టమేక పిట్ట కథ మరింత బాధాకరం. 1972లో చట్టం వచ్చిన నాటి నుంచీ అది మొదటి షెడ్యూలులోనే ఉన్నది. కర్నూలు జిల్లా రోళ్లపాడులో (ఇప్పుడు నంద్యాల జిల్లా) దానికోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు. ఆ పిట్ట మేసేది, తిరిగేది మాత్రం చుట్టుపక్కల రైతుల మెట్టచేలలో. రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగి పైరును మేశాయి, రైతుకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. నీటిపారుదల వచ్చి మెట్టపైర్లు తగ్గాయి. చట్టం కంచె లోపల నిలబడిపోయింది, పిట్ట కంచె బయట నశించింది. ఈ రోజు దేశం మొత్తం మీద అవి 150 లోపే ఉన్నాయి, ఉన్నవాటిలో అత్యధికం రాజస్థాన్‌లో. అక్కడ విద్యుత్ తీగలను భూగర్భంలో వేయమని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఎదురుగా ఉన్నది సరిగా కానలేని, బరువైన ఆ పక్షి తీగను చూసేలోపే దానికి తగులుతుంది. కమిటీ నివేదిక వచ్చేదాకా ఆగమని ఆ పక్షితో ఎవరు చెప్పగలిగేవారు?

ఈ రెండు అనుభవాలను మనసులో పెట్టుకునే మనం మన మేత బీడుకు సంరక్షణ రిజర్వు హోదా కావాలని ప్రతిపాదించాము. రెవెన్యూ రికార్డులో ఆ నేల పోరంబోకు. ఆ మాట చదివిన ఏ అధికారికైనా అది పనికిరాని భూమిగానే తోస్తుంది. కానీ తొలకరి పడ్డ మూడో రోజున అక్కడికి వెళితే నక్షత్ర తాబేళ్లు గరికలోంచి నడిచి రావడం కనిపిస్తుంది. తోడేలు తన పిల్లలను దాచుకునే గుంట, చలికాలంలో డేగజాతి పక్షులు రాత్రి దిగే మెరక, అన్నీ అక్కడే ఉన్నాయి. చట్టంలోని 36ఎ సెక్షను ప్రకారం ప్రభుత్వ భూమిలో, స్థానికులతో సంప్రదించి, ఇటువంటి రిజర్వును ప్రకటించవచ్చు. 36బి ప్రకారం దాని నిర్వహణ కమిటీలో ఆయా గ్రామ పంచాయతీల ప్రతినిధులు ఉండాలి. అభయారణ్యంలో ఉండేంత కఠిన ఆంక్షలు ఇందులో ఉండవు. అందుకే ఈ దారి ఎంచుకున్నాము.

ఇక మన ప్రతిపాదన ప్రయాణం. పోయిన ఏడాది మేలో వినతిపత్రం, పటం, జీవుల జాబితా జతచేసి సమర్పించాము. ఆగస్టులో పటం కనబడడం లేదన్నారు, మళ్లీ ఇచ్చాము. అక్టోబరులో రెవెన్యూ, అటవీ శాఖల ఉమ్మడి సర్వే జరగాలన్నారు. సర్వే తేదీ నాలుగుసార్లు మారింది. ఒకసారి వాహనం లేదు, ఒకసారి గొలుసు పట్టేవారు లేరు, ఒకసారి ఎన్నో పనుల ఒత్తిడి, చివరిసారి సంబంధిత అధికారి బదిలీ. కొత్తగా వచ్చినవారు ఫైలును మొదటినుంచి చదవాలన్నారు. జనవరిలో సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే, చట్టం చెప్పిన 30 రోజులు దాటాక, 'ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది' అనే ఒక్క వాక్యం వచ్చింది. ఎవరి పరిశీలనలో, ఏ తేదీ వరకు, అనే రెండు ప్రశ్నలతో మొదటి అప్పీలు వేశాము. ఏ ఒక్కరిలోనూ చెడుబుద్ధి నాకు కనబడలేదని, కొందరు సిబ్బంది మాతోపాటు ఎండలో తిరిగారని కూడా ఇక్కడ రాస్తున్నాను. కానీ ఎక్కడా గడువు లేని పనిని ఎవరైనా ఎందుకు ముందు పెట్టుకుంటారు?

అభయారణ్యాల విషయంలో గడువు ఉన్నది కదా అని సభ్యులు కొందరు అడిగారు. ఉన్నది. 18వ సెక్షను కింద ప్రకటన వెలువడిన రెండేళ్లలో కలెక్టరు స్థానికుల హక్కుల విచారణను 'వీలైనంతవరకు' పూర్తి చేయాలని 25ఎ సెక్షను చెబుతుంది. ఆ వెంటనే, రెండేళ్లలో పూర్తి కాకపోయినా ప్రకటన రద్దు కాదని కూడా అదే సెక్షను చెబుతుంది. రద్దు కాకపోవడం జీవులకు మేలే, దానిని తప్పుపట్టడం లేదు. విచారణ నిలిచిపోయినంత కాలం అక్కడి రైతుకూ కాపరికీ తమ హక్కు ఉన్నదో పోయిందో తెలియని స్థితి కొనసాగుతుంది. 1997లోనే సుప్రీంకోర్టు ఈ విచారణలను ఏడాదిలో ముగించమని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే అప్పటికే ఎన్ని ఫైళ్లు పేరుకుపోయాయో గ్రహించవచ్చు. ఆలస్యం వల్ల నష్టం జంతువుకు మాత్రమేనని ఎవరైనా అంటే వారికి ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు ఈ సంవత్సరం నాకు అత్యంత గర్వం కలిగించిన కార్యక్రమం గురించి రాస్తాను. ఫిబ్రవరిలో బీడు పక్కనున్న రావిచెట్టు కింద జరిపిన కాపరుల సభ అది. వేదిక లేదు, మైకు లేదు, దండలు లేవు. నేలను చిమ్మి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో బీడు పటం గీయడం మొదలుపెట్టాము. మేము గీసిన పటం తప్పని మొదటి ఐదు నిమిషాలలోనే తేలింది. డెబ్బై ఏళ్లు దాటిన ఒక కాపరి అవ్వ చేతిలోని కర్రతో మా వాగు గీతను చెరిపి, వాగు ఇటు తిరుగుతుందంటూ తానే గీశారు. తరువాత పిండి గిన్నె ఆమె చేతికే ఇచ్చాము. తాబేళ్లు గుడ్లు పెట్టే ఎర్రమట్టి దిబ్బకు ఒక చుక్క, తోడేలు గుంటకు ఒక సున్న, వేసవిలోనూ తడి ఆరని మడుగుకు ఒక గీత, ఇలా మూడు గంటలలో ఆ నేల మీద లేచిన పటం మా దగ్గర ఉపగ్రహ చిత్రాలతో చేసిన పటం కంటే వివరంగా వచ్చింది. ఎక్కడ కుక్కలు తాబేలు గుడ్లు తవ్వుతున్నాయో, ఏ రాత్రులలో బయటివారు మోటారు సైకిళ్ల మీద సంచులతో వస్తున్నారో కూడా వారే చెప్పారు.

ఆ సభలో కాపరులు అడిగిన ప్రశ్న ఒక్కటే: 'రిజర్వు అయితే మా గొర్రెలను రానిస్తారా?' మేము మా వద్ద ఉన్న సెక్షన్లను చదివి వినిపించాము. నోటి మాట చాలదని, మేత హక్కు సంగతి ప్రతిపాదనలోనే రాయాలని వారు పట్టుబట్టారు. వారి పట్టు న్యాయమైనది. అక్కడికక్కడే ఒక పేరా చేర్చి, చదివి వినిపించి, వారి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాము. గొర్రెలు తిరగకపోతే గడ్డి ముదిరి, పొద కమ్మి, తాబేలుకూ నేలగూళ్ల పక్షులకూ ఆ బీడే పనికిరాకుండా పోతుందని సభ చివరలో ఆ అవ్వ చెప్పిన మాటను మా జీవశాస్త్ర సభ్యులు అక్షరాలా ఒప్పుకున్నారు. సభకు వచ్చిన రేంజి అధికారి ముగ్గు పటాన్ని నిచ్చెనెక్కి ఫోటో తీయించి ఫైలులో జతపరిచారు. వారికి ధన్యవాదాలు.

ఆ సభ ఎంత అవసరమో నివేదిక సంవత్సరం ముగిశాక జరిగిన పరిణామం నిరూపించింది. మహారాష్ట్రలోని తడోబా, తెలంగాణలోని కవ్వాల్ పులుల అభయారణ్యాల మధ్య పులులు తిరిగే దారిని కాపాడేందుకు తెలంగాణ ప్రభుత్వం 2025 మేలో జీవో 49 ద్వారా కుమ్రం భీం సంరక్షణ రిజర్వును ప్రకటించింది. ఆదివాసుల నుంచి తీవ్ర నిరసన రావడంతో జూలైలో దానిని నిలిపివేసింది. పులికి ఆ దారి కావాలి, అందులో మనకు సందేహం లేదు. ఆ గూడేల వారు తమ భూమి గురించి భయపడడం కూడా అంతే సహజం. ఏళ్ల తరబడి ఆలస్యం చేసి, చివరకు గూడెంలో కూర్చుని మాట్లాడవలసిన ఆ కొద్ది నెలలనే ఆదా చేసుకుంటే, ఉత్తర్వు వచ్చీ ప్రయోజనం లేకుండా పోతుంది.

రాబందుల విషయంలో మనం చేసిన పని చిన్నది. పశువుల మందుల దుకాణాలకు, పశువైద్యులకు కరపత్రాలు పంచాము. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువు కళేబరం తినడమే వాటి మరణాలకు కారణమని 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందు నిషిద్ధమయింది. మనుషుల పేరుతో పెద్ద సీసాలలో అమ్మకం ఆగడానికి 2015 దాకా, అంతే హానికరమైన కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు నిషేధించడానికి 2023 దాకా పట్టింది. తెల్లవీపు రాబందులు అప్పటికే నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. మన కరపత్రాలు ఇంకా రెండు కట్టలు మిగిలే ఉన్నాయి, పంచేవారు లేక.

ఇది రాస్తున్నందుకు క్షమించాలి గానీ రాయక తప్పదు. గత సర్వసభ్య సమావేశంలో స్వచ్ఛంద సేవకు పేర్లు ఇచ్చినవారిలో మూడో వంతు కూడా ఒక్క రోజు రాలేదు. కాపరుల సభకు ముందురోజు నేల చిమ్మడానికి నలుగురమే ఉన్నాము, అందులో ఇద్దరు అరవై దాటినవారు. సభ ఫోటోలు వాట్సాప్ గుంపులో పెట్టగానే అభినందనలు మాత్రం వరదలా వచ్చాయి. అధికారులు ఫైలు కదపడం లేదని మనం ఫిర్యాదు చేసేటప్పుడు, మన చేతిలోని కరపత్రాల కట్ట కూడా కదలలేదన్నది నన్ను కలచివేస్తున్నది. తాబేళ్ల సంచి దొరికిన రాత్రి ఫోను చేస్తే ఎత్తినవారు ముగ్గురు. ఎత్తనివారి పేర్లు రాయను, ఈ ఏడాది వారు ఎత్తుతారని ఆశిస్తున్నాను.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరు సంతకంతో అనుబంధంగా జతపరచబడింది. సభ్యత్వ రుసుముల వసూలు తగ్గింది, నకళ్ల ఖర్చు, ప్రయాణ ఖర్చు పెరిగాయి. లోటును కార్యవర్గ సభ్యుల విరాళాలతో పూడ్చాము. సందేహాలు ఉన్నవారు కోశాధికారిని సంప్రదించవచ్చు.

రానున్న సంవత్సరానికి కార్యవర్గం మూడు పనులు ప్రతిపాదిస్తున్నది. మొదటిది, మేత బీడు ఫైలును ప్రతి నెలా మొదటి సోమవారం ఇద్దరు సభ్యులు వెళ్లి విచారించి, ఆ రోజు వచ్చిన జవాబును తేదీతో సహా పుస్తకంలో రాయాలి. ఇందుకు పన్నెండు నెలలకు ఇరవై నాలుగు పేర్లు కావాలి, కాగితం బల్లమీద ఉన్నది. రెండోది, తొలకరి రాత్రులలో కాపరులతో కలిసి బీడు కాపలా. ఇందుకు టార్చిలైట్లు ఉన్నాయి, మనుషులు కావాలి. మూడోది, షెడ్యూలులో చేర్పు కోసం వచ్చే అర్జీలకు జవాబిచ్చే గడువును చట్టంలోనే పెట్టాలని కోరుతూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు తేదీల పుస్తకం నకలు జతపరిచి మహజరు పంపడం. దాని చిత్తుప్రతిని ఉప కార్యదర్శి ఇప్పుడు చదివి వినిపిస్తారు. సవరణలు ఉంటే ఈ సభలోనే సూచించవలసిందిగా కోరుతున్నాను. ఇంటికి వెళ్లాక ఫోనులో చెప్పే సవరణలను చేర్చడం ఈసారి సాధ్యపడదు.

పదకొండు తాబేళ్లలో బతికిన తొమ్మిదింటిని న్యాయస్థానం అనుమతితో సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బ వద్ద వదిలిపెట్టారు. ఆ దిబ్బ ఈ నాటికీ రికార్డులో పోరంబోకుగానే ఉన్నది. ఉమ్మడి సర్వేకు మరో తేదీ ఇంకా ఇవ్వలేదు.

ఈ నివేదికను చర్చించి ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి